టైర్ల దమ్ముంది

నాన్న సైకిలు వెనక టైరులో గాలి ఆగట్లేదన్న మాట మా ఇంట్లో మొదట ఎప్పుడు వినిపించిందో నా నోట్‌బుక్కులో ఉంది. చలి తగ్గుతున్న రోజులు. "నాన్న ఆలస్యంగా వచ్చాడు. వెనక టైరు గాలి దిగిపోతోందట" అని ఒక్క వాక్యం రాసుకున్నాను. దాని కింద, ఆ వారం చదువుతున్న నవల గురించి పేజీన్నర ఉంది.

నాన్న ఛత్తాబజార్‌లో పెళ్ళికార్డులు అచ్చువేసే ప్రెస్సులో పనిచేసేవాడు. తెలుగు కార్డులన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. గోదావరి వైపు నుంచి ముప్ఫై ఏళ్ళ కింద సీసపు అక్షరాలు పేర్చడానికి ఈ ఊరొచ్చాడు. అక్షరాలు కంప్యూటర్లోకి మారాక ఆయనా కంప్యూటర్ ముందుకు మారాడు. మారనిది సైకిలొక్కటే. ఉప్పుగూడలో మా ఇంటి నుంచి ప్రెస్సుకు పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవాడు. స్కూటరు నేర్చుకోమని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా, ఆ ఇరుకు సందుల్లో సైకిలే ముందు చేరుతుందనేవాడు.

సైకిలు గాలి సంగతి ఆయనకు పట్టింపు. ప్రతి ఆదివారం పొద్దున గల్లీ మలుపులో ఉన్న పంక్చర్ షాపుకు తీసుకెళ్ళి రెండు టైర్లకూ గాలి పట్టించుకొచ్చేవాడు. వచ్చాక గేటు దగ్గర ఆపి, బొటనవేలూ చూపుడువేలూ టైరుకు రెండు పక్కలా పెట్టి నొక్కి చూసేవాడు. గాలి తక్కువగా ఉన్న సైకిలు తొక్కితే బరువంతా రిమ్ము మీద పడి ట్యూబు తెగిపోతుందనీ, మరీ ఎక్కువైతే ఎండకు పేలుతుందనీ నాకు చిన్నప్పుడే చెప్పాడు. నాకు సైకిలు తొక్కడం రాదు. ఆయన చెబుతుంటే వినడం మాత్రం ఇష్టం.

గాలి ఆగట్లేదన్నప్పుడు మొదట వాల్వు మీద ఉండే చిన్న రబ్బరు తొడుగు మార్పించాడు. పదిరోజులకు మళ్ళీ అదే మాట. ట్యూబు మార్పించాడు. తర్వాత టైరే కొత్తది వేయించాడు. కొత్త టైరు నల్లగా, గీతలు తేలి, గేటు దగ్గర నిలబెడితే పాత సైకిలుకు అది నప్పలేదు. అది వేసిన వారానికే, రైలు పట్టాల దగ్గర ఎత్తు ఎక్కుతుంటే సైకిలు వెనక్కి లాగుతోందని చెప్పాడు. అక్కడ దిగి నడిపించుకుని వస్తున్నానన్నాడు. అమ్మ కొత్త టైరును తిట్టింది. నేనూ టైరునే అనుమానించాను. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగే ముందు ఆయన గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. గాలి లేని సైకిలు అంత దూరం తొక్కితే ఎవరైనా అలాగే నిలబడతారని మా ముగ్గురికీ నమ్మకం.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాత నేను చేసిన తప్పు ఎవరికీ అర్థం కాదు. మా పక్కింటాయన తన మోటారుసైకిలు మా గేటుకు అడ్డంగా పెట్టేవాడు. నాన్న రోజూ తన సైకిలును పక్కకు వంచి, హ్యాండిలు తిప్పి, ఆ సందులోంచి లోపలికి తెచ్చుకునేవాడు. ఒక్కసారీ ఏమీ అనలేదు. ఆ పక్కింటాయనే ఒకరోజు, "ఏంది సార్, ఇంకా సైకిలేనా, మ్యూజియంల పెడ్తరా?" అంటే నాన్న నవ్వి ఊరుకున్నాడు. లోపలికొచ్చాక అమ్మ గిన్నెలు గట్టిగా పెడుతూ, "ఈయనకి దమ్ము లేదు. ఉంటే ఆ బండి అక్కడ ఉంటుందా?" అంది. నాన్న విననట్టే చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆ మాట మా ఇంట్లో చాలాసార్లు వినిపించేది. నాకు మాత్రం అది వినిపించినప్పుడల్లా పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకోవాలనిపించేది.

వేసవి మొదట్లో ఒక ఆదివారం నాన్న మంచం దిగలేదు. ఒళ్ళు బద్ధకంగా ఉంది, సైకిలు నువ్వు తీసుకెళ్ళి చూపించమ్మా, నీళ్ళలో ముంచి చూడమను, అన్నాడు. నాకు షాపుల్లో నిలబడి మాట్లాడడమంటే భయం. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నా కూరలబ్బాయిని ధర అడగడానికి రెండుసార్లు లోపల అనుకుని చూసుకునేదాన్ని. అయినా నడిపించుకుని వెళ్ళాను.

షాపాయన పెద్దవాడు, గడ్డం నెరిసింది. గల్లీలో అందరూ భాయ్ అంటారు. నాన్నంటే ఆయనకు గౌరవమని నాన్న చెప్పేవాడు. ఆ పొద్దున ఆయన చక్రం విప్పి, ట్యూబు బయటికి లాగి, గాలి నింపి, నీళ్ళ తొట్టిలో కొంచెం కొంచెంగా తిప్పుతూ ముంచాడు. ఒక్క బుడగా రాలేదు. మళ్ళీ తిప్పాడు. రాలేదు. బిగించి, టైరును అరచేత్తో రెండుసార్లు కొట్టి నావైపు చూశాడు.

"టైర్ల మస్తు దమ్ముంది బేటా. మీ బాపు తాన్నే దమ్ము లేదు. జర చూపెట్టమను."

పక్కన బల్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్న ఒకాయన అప్పుడే పకపకా నవ్వాడు. ఫోన్లో ఏం చూసి నవ్వాడో నాకు తెలియదు. ఆ క్షణంలో ఆ నవ్వు మా మీదే అనుకున్నాను. ఇల్లంతా ఎరిగిన ఆ మాట, అమ్మ నోటి మాట, వీధిలో పంక్చర్ షాపు దాకా వచ్చేసిందనుకున్నాను. పైగా దమ్ముంటే చూపెట్టమనడం ఒకటి. తల ఎత్తకుండా సైకిలు తీసుకుని వచ్చేశాను. భాయ్ వెనక నుంచి ఇంకేదో అన్నాడు. వినలేదు.

ఇంట్లో నాన్నకు సగమే చెప్పాను. నీళ్ళలో ముంచాడు, ఎక్కడా లీకు లేదన్నాడని. నాన్న కాసేపు ఆలోచించి, "అయితే ఎక్కడో సన్నగా పోతోంది. ఆయన కళ్ళకి ఆనలేదు" అన్నాడు. ఆ రాత్రి నోట్‌బుక్కులో భాయ్ అన్న మూడు వాక్యాలనూ ఆయన అన్నట్టే, అక్షరం మార్చకుండా రాశాను. దాని కింద, "నాన్నను ఎవరూ ఇలా అనకూడదు. ఇక ఆ షాపుకు వెళ్ళనివ్వను" అని రాశాను.

మర్నాడే కాలితో నొక్కిపెట్టి కొట్టే పంపు ఒకటి తెప్పించాను. ఇంట్లోనే గాలి కొడతాను, వారం వారం షాపు దాకా ఎందుకు అన్నాను. నాన్న సంతోషించాడు. పంపు ఎలా వాడాలో ఆయనే నేర్పాడు. కింద రేకు మీద రెండు పాదాలూ పెట్టాలి, గొట్టం చివర వాల్వుకు సరిగ్గా కూర్చోవాలి, పిడిని వంగి నడుంతో తొయ్యాలి, చేతుల్తో కాదు. టైరు నిజంగా దిగి ఉంటే మొదటి పదీ పన్నెండు దెబ్బలు తేలిగ్గా దిగుతాయి. ఆ తర్వాత పిడి ఎదురు తిరుగుతుంది. నాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. ఏ రోజూ నాలుగో దెబ్బ దాటి పిడి కిందికి దిగేది కాదు. టైరులో గాలి నిన్నటిది నిన్నటిలాగే ఉండేది.

నాన్న పక్కన నిలబడి, "ఇంకో నాలుగు కొట్టమ్మా" అనేవాడు. కొట్టేదాన్ని. పిడి దిగకపోతే బరువంతా వేసి దింపేదాన్ని. వేసవి ముదిరాక ఒక మధ్యాహ్నం, ప్రెస్సు బయట ఎండలో నిలబెట్టిన సైకిలు టైరు పేలిపోయింది. ఆ చప్పుడుకు ఎదురుగా గాజులమ్ముకునే ఆవిడ బుట్ట వదిలేసి లేచిందని నాన్న తర్వాత చెప్పాడు. ఆ సాయంత్రం ఆయన ఆటో ఎక్కలేదు. చార్మినార్ మీదుగా, శాలిబండ దాటుకుని, పేలిన టైరుతో ఇంటి దాకా నడిపించుకుని వచ్చాడు. గేటు దగ్గరికొచ్చేసరికి ముఖం బూడిదరంగుగా ఉంది. మెట్టు మీద కూర్చుని గంటసేపు లేవలేదు. అమ్మ విసనకర్రతో విసురుతూ నన్ను చూసింది.

మళ్ళీ ట్యూబు. మళ్ళీ టైరు. ఈసారి దూరంగా మాదన్నపేట మార్కెట్ దగ్గర వేయించాం, భాయ్ దగ్గరికి పోకుండా.

అప్పట్నుంచి నేను గాలి కొట్టడం మానేశాను. మానేశానని నాన్నకు తెలియకుండా మానేశాను. పొద్దున పంపు తెచ్చి, గొట్టాన్ని వాల్వు మీద పెట్టినట్టు పెట్టి, బొటనవేలితో కొంచెం పక్కకు వంచేదాన్ని. పిడి హాయిగా పైకీ కిందికీ ఆడేది. గాలి గొట్టం పక్క నుంచి బుస్సుమని బయటికి పోయేది. పది దెబ్బలు, పన్నెండు దెబ్బలు. నాన్న టైరు నొక్కి చూసుకుని, "ఆఁ, ఇప్పుడు బావుంది" అనేవాడు. ఆ మాట అనగానే ఆయన ముఖం కొంచెం తేలికపడేది. అది చూసి నేను లోపలికి వెళ్ళి చదువుకునేదాన్ని. ఆయన మనసు కష్టపెట్టకుండా ఒక మంచి పని చేస్తున్నానని నమ్మాను. ఇది నోట్‌బుక్కులో కూడా రాయలేదు.

టైరులో గాలి నిండుగా ఉందని నాకు తెలుసు. సైకిలు బరువెక్కుతోందని ఆయన రోజూ అంటున్నాడని తెలుసు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడలేదు. చూస్తే మూడో మాట వచ్చేది.

భాయ్ నన్ను రెండుసార్లు ఆపాడు. మొదటిసారి కాలేజీ నుంచి వస్తుంటే షాపులోంచే కేకేసి, "బేటా, బాపుకు చెప్పినవా?" అన్నాడు. నేను దుపట్టా సర్దుకుంటూ వేగంగా నడిచాను. రెండోసారి బోనాల ఆదివారం. వీధి పొడుగునా వేపాకులు, డప్పులు, ఒకళ్ళ మాట ఒకళ్ళకు వినపడనంత చప్పుడు. జనం మధ్యలో ఆయన నా ఎదురుగా వచ్చి నిలబడి, చేత్తో తన ఛాతీ చూపించి ఏదో అడిగాడు. చెవిలో డప్పు. ఆ చెయ్యి చూసి ఛాతీ విరుచుకోమంటున్నాడనుకున్నాను. మనిషి ఇంత పట్టుబట్టి ఎందుకు అవమానిస్తాడన్న ప్రశ్న కూడా నాకు రాలేదు. తప్పుకుని వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఆయన ఆపలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక సాయంత్రం అమ్మ ఫోనుకు తెలియని నంబరు నుంచి పిలుపు. అమ్మ నాకిచ్చింది. అవతల ఎవరో కిరాణా కొట్టాయన. "మీ సార్ మా దుకాణం ముంగట కూసున్నడమ్మా. సైకిల్ల గాలి లేదంటున్నడు. నేను వత్తి చూసిన, టైరు రాయి లెక్కున్నది. మనిషే మంచిగ లేడు. జల్ది రాండ్రి."

వెళ్ళేసరికి నాన్న బియ్యం బస్తాకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి, ఊపిరికీ ఊపిరికీ మధ్య, "పొద్దున సరిగ్గా పట్టినట్టు లేదమ్మా గాలి" అన్నాడు.

ఆసుపత్రిలో చీటీ రాసే కిటికీ దగ్గర నేనే నిలబడ్డాను. అమ్మ నాన్నను పట్టుకుని బెంచీ మీద ఉంది. లోపల కూర్చున్నావిడ తలెత్తకుండా పేరు, వయసు అడిగి, ఆ తర్వాత, "దమ్ము ఎన్ని రోజుల సంది ఉన్నది?" అంది.

నాకు అర్థం కాలేదు. "దమ్మా?" అన్నాను.

"ఔ, దమ్ము. ఆయాసం. ఊపిరి ఆడుతలేదు కదా మీ నాయనకు, అది ఎప్పటిసంది?"

వెనక లైనులో ఉన్నవాళ్ళు జరగమంటున్నారు. ఆవిడ మళ్ళీ అడిగింది. చలికాలం పోయినప్పట్నుంచి అన్నాను. ఆ జవాబు నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. నాకది ముందే తెలిసినట్టు.

ఇక్కడ ఊపిరినీ దమ్మే అంటారు, అది ఆడకపోవడాన్నీ దమ్మే అంటారు. మా ఇంట్లో దానికి ఆయాసం అనే అంటాం. మా వైపు దమ్మంటే ధైర్యం, మొండితనం. ఈ ఊళ్ళోనే పుట్టి ఇరవై రెండేళ్ళు పెరిగాను. ఇక్కడి మాటలన్నీ వచ్చనుకునేదాన్ని. బయట మాట్లాడేది తక్కువ కాబట్టి వినేది కూడా సగమేనని ఆ కిటికీ దగ్గర తెలిసింది.

ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని డాక్టరు చెప్పాడు. ఛాతీ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి, తెల్లగా అల్లుకుపోయిన చోట్లు చూపించాడు. గట్టిపడినవి మళ్ళీ మెత్తబడవు. ఉన్నంత వరకు కాపాడుకోవడమే. ఎనిమిది, తొమ్మిది నెలల ముందు వచ్చి ఉంటే మందులతో దీని నడకను చాలా తగ్గించి ఉండేవాళ్ళం, ఎందుకు తీసుకురాలేదు, అన్నాడు. అమ్మ సైకిలు గురించి చెప్పడం మొదలుపెట్టింది. వాల్వు, ట్యూబు, టైరు. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయింది. డాక్టరు కాగితం మీద రాసుకున్నాడు.

ఇంటికొచ్చిన రోజు నోట్‌బుక్కు తీసి ఆ పేజీ చూశాను. మూడు వాక్యాలు అలాగే ఉన్నాయి. నేను ఒక్క అక్షరం తప్పు రాయలేదు.

ఇప్పుడు నాన్న మంచం పక్కన ఒక యంత్రం ఉంది. దాని గొట్టం ఆయన ముక్కుకు. పగలంతా గుడుగుడుమంటూ ఉంటుంది. కరెంటు పోతే సిలిండరుకు మార్చాలి, అది నా పని. ప్రెస్సు నుంచి ఒకటి రెండు కార్డుల ప్రూఫులు పంపుతారు. ఒక కార్డు దిద్దడానికి పూట పడుతుంది. బాత్రూముకు వెళ్ళి వస్తే అరగంట పడుకోవాలి. మొన్న నా చెయ్యి పట్టుకుని, సైకిలు గాలి దిగి ఉంటుంది, అలా నిలబెడితే టైరు చీలుతుంది, చూస్తున్నావా అని అడిగాడు. దానికి జవాబు చెప్పలేక అంతా చెప్పేశాను. పంపు సంగతి ముందు చెప్పాను, వాల్వు మీద బొటనవేలు వంచి పెట్టిన సంగతి. ఆ తర్వాత భాయ్ సంగతి.

నాన్న పంపు సంగతి వదిలేసి, కళ్ళు మూసుకుని, "ఏమన్నాడో ఆ మాట మళ్ళీ చెప్పు. ఆయన అన్నట్టే చెప్పు" అన్నాడు.

చెప్పాను.

ఆయన ప్రూఫు చూసేటప్పుడు చేసినట్టు ఒక్కో మాట దగ్గరా ఆగాడు. ఆగింది మాట కోసమో ఊపిరి కోసమో తెలియలేదు. "తాన అంటే దగ్గర. అది నీకు తెలుసు. చూపెట్టమను... వాళ్ళు ఉర్దూలో డాక్టరుకు దిఖానా అంటారు. దాన్నే తెలుగు చేసి అన్నాడు. ఎవరికి చూపెట్టాలో చెప్పలేదు, అంతే." ముక్కు దగ్గర గొట్టం సర్దుకున్నాడు. "దమ్మంటే ఏంటో నాకు తెలుసు కదమ్మా. ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళోనే కదా ఉన్నాను. నన్ను అడగాల్సింది."

నేను ఏడ్వలేదు. ఏడిస్తే ఆయన లేచి కూర్చోవాలని చూస్తాడు.

"అడిగితే నీకు బాధనిపిస్తుందనుకున్నాను నాన్నా."

"అనిపించేదే" అన్నాడు. "ఒక పూట."

ఆ తర్వాత చాలాసేపటికి, నేను లేవబోతుంటే, "రేపు వెళ్ళి ఆయనకు చెప్పు. ఆయన చెప్పింది నాకు చేరిందని చెప్పు. పాపం, చెప్పిన మాట ఏమైపోయిందోనని ఎన్నాళ్ళు అనుకున్నాడో" అన్నాడు.

మర్నాడు పొద్దున వెళ్ళాను. ఈసారి ఏం మాట్లాడాలో లోపల అనుకుని చూసుకోలేదు. షాపులో భాయ్ ఒక్కడే ఉన్నాడు, ఎవరిదో స్కూటరు చక్రం విప్పుతున్నాడు. నన్ను గుర్తుపట్టి పానా కింద పెట్టాడు. నాన్న గురించి గల్లీలో అందరికీ తెలిసే ఉంటుంది.

"భాయ్, మీరు చెప్పమన్నది నాన్నకు చెప్పాను" అన్నాను.

ఆయన నా ముఖం చూసి, ఆ తర్వాత నేల చూశాడు. గొంతులో కోపం లేదు.

"ఎప్పుడు చెప్పినవ్ బేటా?"

"నిన్న" అన్నాను.